చందమామకు ఎన్ని చీరలు

నాకు కుళ్ళెక్కువ. ఈ ముక్క మా అవ్వ నా ముఖం మీదే అనేది, నేను ఒప్పుకునేదాన్ని కాదు. మొన్న మా తమ్ముడు గద్వాల నుంచి ఫోన్ చేసి, "అక్కా, మగ్గం గుంత పూడ్పిస్తున్న, అటక మీది సామాన్ దించుతుంటె ఒక ఎదురు బొంగు లోపట చుట్టిన చార్టు దొరికింది, నీదేనా?" అని అడిగినప్పుడు మాత్రం అవ్వ మాట ఒప్పుకోక తప్పలేదు. వాడు విప్పకముందే అది ఏ చార్టో నాకు తెలుసు. ఎవరిదో తెలుసు. ఆ బొంగులోకి ఎలా వెళ్ళిందో కూడా నాకొక్కదానికే తెలుసు, లేదా నాకొక్కదానికే తెలుసని ఆ రోజు వరకూ అనుకున్నాను. "నాదే, విప్పకు, నేనొచ్చి తీసుకుంట" అన్నాను. నాది కాదు. అది అనసూయది.

అనసూయ వాళ్ళ నాయిన వెంకటయ్య మా ఇంట్లో రెండో మగ్గం మీద నేసేవాడు. మొదటి మగ్గం మా నాయినది. గద్వాల చీర ఒంటి చేతితో తెమిలే పని కాదు, అంచు కలపడానికి పక్కన ఇంకొకరు కూర్చోవాలి. అందుకే మా ఇంట్లో పొద్దస్తమానం మనుషులే. తెల్లవారకముందే వీధిలో పడుగు, అంటే చీర నిలువు పోగులు, బారుగా సాగదీసి గంజి పెట్టేవాళ్ళు. ఆ పుల్లటి గంజి వాసన, నేసేవాళ్ళు కాళ్ళు దించి కూర్చునే మగ్గం గుంతలోని తడిమట్టి వాసన, అమ్మ కాల్చే జొన్నరొట్టె వాసన కలిసి నా బట్టలకు, పుస్తకాలకు కూడా అంటుకునేవి. బడికి పోయేముందు నేను, అనసూయ చెరో రాట్నం ముందు కూర్చుని ఇరవై ఇరవై నూలు కండెలు చుట్టాలి. అది చుట్టిన కండె బిగువుగా, మధ్యలో నిండుగా, రెండు కొసల్లో సన్నగా ఉండేది. నాది ఒకవైపు ఉబ్బి ఉండేది. మా నాయిన పడుగు మధ్య అటూ ఇటూ పరిగెత్తే నాడెలో కండె పెట్టుకుంటూ చూడకుండానే, "ఇది అనసూయ చుట్టింది గదా" అనేవాడు. ఒక్కసారి కూడా గురి తప్పేవాడు కాదు. పొరుగింటి పుల్లకూర రుచి అని నేను గొణిగేదాన్ని. అమ్మ విని నవ్వేది.

ఇంట్లో అన్నిటికన్నా నెమ్మదైన పని అవ్వది. మగ్గం మీది పాత పడుగు అయిపోయే ముందు, దాని కొసలకు కొత్త పడుగు పోగులను ఒక్కొక్కటిగా అతకాలి. ఈ పోగుకు ఆ పోగు. వేళ్ళు బూడిదలో అద్దుకుని, రెండు కొసలూ కలిపి ఒక్క మెలి తిప్పేది, అంతే, లాగినా ఊడిరాదు. నాలుగు వేల పోగులు. కాళ్ళు చాపుకుని, ముక్కుపొడి డబ్బీ పక్కన పెట్టుకుని, పొద్దు పొడుపు నుంచి దీపాలు పెట్టేదాకా అదే పని. ఎవరైనా పలకరిస్తే చెయ్యి ఆపకుండా తలాడించేది. చివర ఒక పోగు జత లేకుండా మిగిలితే మాత్రం ఇల్లు పీకి పందిరేసేది. ఎక్కడో ఒక పోగు దాటిపోయినట్టే కదా! మళ్ళీ వెనక్కి వెళ్ళి వెతికేది. ఆ పక్కనే కూర్చుని చూడటం నాకు విసుగు. అనసూయకు ఇష్టం. మా అవ్వను అది నాకన్నా ఎక్కువ చూసిందని ఇప్పుడు తెలుస్తోంది.

మేము పదో తరగతికి వచ్చిన ఏడు మా బడికి కొత్త లెక్కల సారు వచ్చారు. కొత్తకోట నుంచి రోజూ బస్సులో వచ్చేవారు, చొక్కా జేబులో ఎప్పుడూ రెండు సుద్దముక్కలుండేవి. ఒకరోజు బోర్డు మీద సూర్యుడి బరువు, భూమి బరువు కిలోల్లో వేశారు. రెండు పక్కన పది పవర్ ముప్పై, ఆరు పక్కన పది పవర్ ఇరవై నాలుగు. "సూర్యుడు భూమికన్న ఎంత పెద్దోడో చెప్పుండ్రి" అన్నారు. నేను ఆరాటపడి రెండిటినీ సున్నాలతో సహా విడదీసి రాసి, కాగితం సరిపోక అడ్డంగా తిప్పి, పైదాంట్లోంచి కిందది తీసివేశాను. పట్టుకెళ్ళి చూపిస్తే సారు నవ్వారు. "తీసేస్తే ఏం మిగిలింది బిడ్డా? మళ్ల సూర్యుడే మిగిలె. భూమి ఉన్నట్టే తెలుస్తలేదు. పోల్చాల్నంటే తీసెయ్యొద్దు, భాగించాలె. ఎన్ని రెట్లు అని అడగాలె" అన్నారు. క్లాసంతా నవ్వింది. అంత పెద్ద తీసివేత తప్పు లేకుండా చేసినందుకు ఒక్కరూ మెచ్చుకోలేదు.

తర్వాత ఆయన రెండును ఆరుతో భాగించారు, పది పవర్ ముప్పైలోంచి ఇరవై నాలుగు తీసేసి ఆరు వేశారు. "ఇంతసేపు తీసెయ్యొద్దన్నరు, ఇప్పుడు మీరే తీసేస్తుండ్రేంది సార్?" అని నేను ఉడుకుమోత్తనంతో అడిగాను. మంచి ప్రశ్నే అది, ఇప్పటికీ నా పిల్లలు అదే అడుగుతారు. సారు జవాబు చెప్పేలోపు వెనక వరుసలోంచి అనసూయ లేచింది. "సార్, ఇది అతుకు లెక్కనే ఉన్నది. మగ్గం కాడ అవ్వ ఈ పోగుకు ఆ పోగు అతుకుతది. జతైనయి జతగాను పోతయి. మీద ముప్పై పదులున్నయి, కింద ఇరవై నాలుగు పదులున్నయి. మీది పదికి కింది పది జత. ఇరవై నాలుగు జతలు పోతె మీద ఆరు పదులు ఒంటిగ మిగుల్తయి. గంతే గద సార్?" సారు సుద్దముక్క బల్ల మీద పెట్టేసి చప్పట్లు కొట్టారు. ఆ యేడంతా ఆ పాఠానికి మా బడిలో 'అనసూయ అతుకు' అని పేరు. నాకు కడుపులో పొయ్యి రాజేసినట్టయింది. అవ్వ ఎవరి అవ్వ? మా అవ్వ. మగ్గం ఎవరిది? మాది. బూడిద కూడా మా పొయ్యిలోదే! పేరు మాత్రం దానికి.

చలికాలంలో వనపర్తిలో బడిపిల్లల లెక్కల పోటీ పెడుతున్నారని కబురొచ్చింది. ఒక్కో బడి నుంచి ఒక్కరే పోవాలి. సొంతంగా ఒక పోలిక ఎంచుకుని, లెక్కకట్టి, చార్టు వేసి వివరించాలి. గెలిచిన వాళ్ళకు హాస్టల్‌తో పాటు ఇంటర్ సీటు. నా సంగతైతే పోటీ ఉన్నా లేకపోయినా నాయిన చదివించేవాడే. అనసూయకు ఆ సీటు తప్ప వేరే దారి లేదు. వెంకటయ్య మా అందరి ముందే చెప్పేశాడు, "పది అయినంక పిల్ల మగ్గం మీద కూసుంటది అన్నా. నా పక్కన ఇంకో చెయ్యి లేంది చీర ఎల్తలేదు. సర్కారోళ్ళు ఉట్టిగ చదివిస్తమంటే మాత్రం నేనడ్డం రాను" అని. ఇదంతా నా చెవులతో నేను విన్నాను. తెలియక చేశానని చెప్పుకునే వీలు నాకు లేదు.

నేను గైడులోంచి సూర్యుణ్ణీ భూమినే దించాను. అనసూయ తెల్ల చార్టు మీద చీర రంగుల్లో ఒక మగ్గం, పైన చందమామ గీసి, 'చందమామను అందుకోవడానికి ఎన్ని గద్వాల చీరల దారం కావాలి?' అని రాసింది. చీరలోని పోగులన్నీ ఒకదాని కొసకు ఒకటి అతుకుతూ పోతే ఎంత పొడవో లెక్కగట్టి, చందమామ దూరాన్ని దాంతో భాగించింది. నాలుగు వేల నాలుగు వందల చీరలని తేల్చింది. సారు ఆ చార్టును స్టాఫ్ రూమ్‌లో అందరికీ తిప్పి తిప్పి చూపించారు. నా చార్టును మడతపెట్టి నాకిచ్చేశారు.

కళ్ళలో నిప్పులు పోసుకుని చూశాను దాన్ని, అందుకే తప్పు నా కంట పడింది. నేతగాళ్ళ ఇంట్లో పుట్టిన పిల్లకే దొర్లే తప్పు అది, నేతగాళ్ళ ఇంట్లో పుట్టిన దానికే దొరికే తప్పు. మా ఇళ్ళలో 'పడుగు' అంటే మగ్గానికి ఒకసారి ఎక్కించే పడుగు. మూడు చీరలు వరసగా దాని మీదే నేస్తాం, తర్వాతే కోస్తాం. మా నోట పడుగు అన్నప్పుడల్లా మూడు చీరలన్నట్టే. ఆ అలవాటు కొద్దీ అనసూయ మూడు చీరల పడుగు మొత్తాన్నీ, పద్దెనిమిది మీటర్లనూ, ఒక్క చీర ఖాతాలో వేసేసింది. పేక, అంటే అడ్డపోగు, మాత్రం ఒక్క చీరదే తీసుకుంది. కొత్తకోట సారుకు ఈ సంగతి ఎలా తెలుస్తుంది? రాట్నం దగ్గర దాని చెవిలో చెబితే సరిపోయేది. నేను వనపర్తి ప్రయాణానికి ముందురోజు దాకా ఆగి, క్లాసు నిండుగా ఉన్నప్పుడు లేచి, తేనె పూసిన గొంతుతో, "సార్, అనసూయ లెక్క తప్పు సార్" అన్నాను.

అనసూయ ముఖం తెల్లబోయింది. సారు, "అయితే నువ్వే సరిజెయ్యి, రా" అని సుద్దముక్క నా చేతికిచ్చారు. గొప్పగా నడుచుకుంటూ వెళ్ళాను. నాలుగు వేల పోగులు, ఒక్కోటి ఆరు మీటర్లు, అంటే పడుగు ఇరవై నాలుగు వేల మీటర్లు, పేక పదహారు వేల మీటర్లు, మొత్తం 4 × 10⁴. చందమామ దూరం 3.84 × 10⁸ మీటర్లు. మూడు పాయింట్ ఎనభై నాలుగును నాలుగుతో భాగిస్తే 0.96. ఎనిమిదిలో నాలుగు పోతే నాలుగు. 0.96 × 10⁴. ముందు సున్నా ఉంటే చూడటానికి బాగుండదని పాయింటును ఒక అంకె కుడికి జరిపి 9.6 చేశాను. పాయింటు ముందుకు పోయింది కదా, పవర్ కూడా పెరగాలి కదా అని 10⁵ వేశాను. "తొమ్మిది లక్షల అరవై వేల చీరలు సార్!" అని గట్టిగా చదివాను.

అనసూయ కళ్ళు తుడుచుకుంటూ బోర్డు వైపు చూసింది. "పాయింటు కుడిదిక్కు జరిగితె అంకె పెద్దగయ్యె. దానికి తగ్గట్టు పవర్ ఒకటి తగ్గాలె గద, పెరుగుతదా?" అంది, నన్ను కాదు, బోర్డునే అడుగుతున్నట్టు. సారు రెండు జవాబులూ పక్కపక్కన వేశారు. సరైన జవాబు 9.6 × 10³, తొమ్మిది వేల ఆరు వందల చీరలు. దాన్ని అనసూయ జవాబుతో భాగించారు. రెండు రెట్ల పైచిలుకు. నా జవాబును ఆ సరైన జవాబుతో భాగించారు. సరిగ్గా వంద. "ఆ పిల్ల తప్పు రెండు రెట్ల తప్పు. నీది వంద రెట్ల తప్పు సరళా. గని తప్పు పట్టింది నువ్వే, షాబాష్" అన్నారు. ఆ షాబాష్ నా చెవికి ఎక్కలేదు. వంద మాత్రమే ఎక్కింది.

ఆ సాయంత్రం అనసూయ మా ఇంటి వసారాలోనే చార్టు సరిచేసింది. వాళ్ళింట్లో చార్టు పరిచేంత చదును నేల లేదు. తప్పు అంకెల మీద తెల్లకాగితం ముక్క అంటించి కొత్త జవాబు రాసి, బంక ఆరాలని అక్కడే వదిలేసి పోయింది. పొద్దున వచ్చి తీసుకుని బస్సెక్కాలి. పొద్దున అమ్మ పొయ్యి దగ్గర, నాయిన వీధిలో గంజి దగ్గర ఉన్నారు. నేను చార్టును సన్నగా చుట్టి, నిచ్చెన వేసుకుని అటకెక్కి, విరిగిన మగ్గం తాలూకు వెదురు బొంగులో దూర్చేశాను. దిగి వచ్చి రాట్నం ముందు కూర్చున్నాను. కండె కూడా చుట్టాను.

అనసూయ వచ్చి వసారా అంతా వెతికింది. చాప కింద, మగ్గం గుంతలో, నూలు గంపల వెనక చూసింది. నేనూ వెతికాను, దానికన్నా ఎక్కువ హడావిడిగా. అవ్వ నన్ను దగ్గరికి లాగి తల దులుపుతూ, "తల నిండ ఎదురు పొట్టేందే నీకు?" అని గట్టిగా అడిగింది. "అటక మీద గిట్ల వెట్టిండ్రేమోనని చూసిన" అన్నాను. అనసూయ అటక వైపు చూడలేదు. నా తల వైపు చూసింది. సారు గుమ్మంలోంచి, "బస్సు పోతది, నడువు, కొత్త చార్టు కొనుక్కొని ఆడనే రాద్దాం" అని కేకేశారు. వెళ్ళిపోయారు.

పొద్దు గూకే వేళకు అనసూయ తిరిగొచ్చింది. బస్సు ఆలస్యమై, చార్టు లేని వాళ్ళను పోటీలోకి తీసుకోం అన్నారట. సగం రాసిన చార్టు పట్టుకుని మూలన నిలబడి, వేరేవాళ్ళవి చూసి వచ్చిందట. ఇవన్నీ సారు చెప్పారు మా నాయినకు. "ఏమైంది?" అని నేనడిగితే అనసూయ "ఏంగాలే" అంది. అని, లంగా సర్దుకుని, రాట్నం ముందు కూర్చుని, పొద్దున మిగిలిపోయిన కండెలు చుట్టడం మొదలుపెట్టింది. పదో తరగతిలో లెక్కల్లో దానికి నాకన్నా ఎక్కువ మార్కులొచ్చాయి. ఆ వేసవిలోనే వాళ్ళ నాయిన పక్కన మగ్గం మీద కూర్చుంది. నేను వనపర్తిలో ఇంటర్ చదివాను, తర్వాత డిగ్రీ, బి.ఇడి. చేశాను, నాగర్‌కర్నూల్ దగ్గర లెక్కల టీచరునయ్యాను. నా పెళ్ళికి వచ్చిన సారు అక్షింతలు వేస్తూ, "అనసూయ ఎట్లున్నది?" అని అడిగారు. పెళ్ళిపీటల మీద కూడా నాకు దాని ఊసు తప్పలేదు! మా అవ్వ పోయినప్పుడు అందరికన్నా గట్టిగా ఏడ్చింది అనసూయే, దానికీ నేను లోపల్లోపల కుమిలిపోయాను.

తమ్ముడి దగ్గర చార్టు తీసుకుని, మగ్గం గుంత పూడ్చిన చోట కుర్చీ వేసుకుని విప్పాను. కాగితం అంచులు పెళుసెక్కి రాలుతున్నాయి. అంటించిన ముక్క దగ్గర బంక పసుపుపచ్చగా పాకింది. ఆ రోజు చుట్టే తొందరలో నేను చూడనిది ఒకటి కింద మూలన ఉంది. అనసూయ అక్షరాలే. 'ఇందులో తప్పు చూపి సరిచేయించినది: సరళ, పదో తరగతి.'  తమ్ముడు తెచ్చిపెట్టిన టీ తాగకుండానే చార్టు చుట్టుకుని లేచాను.

రెండు వీధుల అవతల అనసూయ ఇల్లు. వాకిట్లోకి రాగానే మగ్గం చప్పుడు వినిపించింది. నన్ను చూసి గుంతలోంచి లేవకుండానే, "సరళా! రా రా, గా పీట ఏస్కో" అంది. నాకు కళ్ళద్దాలొచ్చి ఏడేళ్ళయింది, అది ఇంకా ఉత్త కళ్ళతోనే అంచు పోగులు కలుపుతోంది. అది కూడా చూశాను నేను. చార్టు ఒళ్ళో పెట్టి, "ఇంట్ల దొరికింది" అన్నాను.

అనసూయ విప్పింది. "దొరికిందా?" అంది. "దాచినకాడ దొరక్క యాడ దొరుకుతది?"

పీట ముందుకు జరుపుకున్నాను. "నేనే దాచిన" అన్నాను.

"తెల్సు. నీ తలల ఎదురు పొట్టు చూడలేదా నేను?"

"మరి ఆ పొద్దే ఎందుకు చెప్పలేదే?"

"చెప్తె మీ నాయిన నిన్ను రెండు దెబ్బలు కొడ్తుండె, ఊకుంటుండె. మా నాయిన మీ మగ్గం దిగాల్సి వస్తుండెనో, మా కూడు పోతుండెనో ఏమో, ఎవరికెరుక? గా భయానికి నోరు మూస్కున్న. నీ మీద ప్రేమతోని, పావురంతోని కాదు." నాడెను వేళ్ళతో తడుముతూ చెప్పింది. మాఫ్ చేశాననలేదు. నేనూ అడగలేకపోయాను.

తర్వాత చార్టును తొడ మీద పరుచుకుని అంకెలు చదివింది. ఉన్నట్టుండి దాని ముఖంలోకి పదో తరగతి ముఖం వచ్చింది. "జర ఆగు. పక్కన ఇంకో చెయ్యి పెట్టుకొని కూసుంటె నెలకు నాలుగు చీరలు ఎల్తయి. ఏడాదికి నలభై ఎనిమిది. ఇరవై ఏండ్లాయె. ఎంతాయె?"

"తొమ్మిది వందల అరవై" అన్నాను.

"నీ లెక్కల చెప్పు."

"తొమ్మిది పాయింట్ ఆరు, పది పవర్ రెండు."

"అగో!" అని కిలకిలా నవ్వింది. "చందమామకు తొమ్మిది పాయింట్ ఆరు, పది పవర్ మూడు. తొమ్మిది పాయింట్ ఆరుకు తొమ్మిది పాయింట్ ఆరు జత, పాయె. మూడు పదుల్ల రెండు జతగాను పాయె. మిగిలింది ఒక్క పది. అంటె పదోవంతు దారి పోయిన్నే నేను! గీ గుంతల కూసోనే పోయిన!"

కాగితం లేదు, కలం లేదు. నేను పన్నెండేళ్ళుగా బోర్డు మీద చెబుతున్న పాఠం అది. చెప్పిన ఏ ఒక్క రోజూ నాకు అంత సంతోషం కలగలేదు. ఆ నవ్వు చూస్తుంటే, సిగ్గు విడిచి చెబుతున్నాను, నా కడుపు మళ్ళీ మండింది.

అనసూయ చార్టును జాగ్రత్తగా చుట్టి మగ్గం పక్కన ఆనించింది. నాడె చేతిలోకి తీసుకుని, తల తిప్పి, వెక్కిరింత ఏమీ లేకుండా, నిజంగా తెలుసుకోవాలన్నట్టే అడిగింది. "మరి నువ్వెంత దూరం పోయినవే?"

మా అటక నిచ్చెనకు ఐదు మెట్లు. ఆ పొద్దు చార్టు పట్టుకుని ఎక్కిన అవే నాకు గుర్తొచ్చాయి.